బస ఎక్కడ? ఈసారి ముంబైలో మాటుంగా, దాదర్ తూర్పు

కిందటి సంచికలో మా పేట గురించి నాలుగు మాటలు రాశాను. ముంబై అంటే సముద్రం, సినిమా తారల ఇళ్లు, కిక్కిరిసిన లోకల్ రైళ్లు మాత్రమే కాదని, నగరం నడిమధ్యన మధ్యాహ్నం పూట కూడా నీడ తెగని వీధులున్నాయని రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చదవడానికి వారం పట్టింది. కొందరు రమ్మన్నాను కదా అని తేదీలతో సహా రాశారు, ఇంకొందరు తగువుకు వచ్చారు. అన్నింటికీ జవాబు రాసే చోటు లేదు కనుక, ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరుకున్నాను.

*

*అమ్మా, నేనూ మావారూ ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాం. జనవరిలో పదిరోజులు ముంబైలో గడపాలని ఉంది. మా అమ్మాయి పొవాయిలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి చిన్న ఫ్లాటులో ఉంటోంది, అక్కడ మేం సర్దుకోలేం. మావారికి మోకాళ్ల నొప్పులు, అయినా పొద్దుటి నడక మానరు. ఇద్దరం శాకాహారులం. దాదర్ పార్శీ కాలనీలో చెట్ల కింద నడవవచ్చని మీరు రాశారు. అది పార్శీలకే పరిమితమట కదా, మమ్మల్ని రానిస్తారా? అమ్మాయేమో బాంద్రాలో దిగమంటోంది.*
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

టీచరుగారూ, నిశ్చింతగా రండి. అక్కడి ఇళ్లు పార్శీలవి, వీధులు మాత్రం అందరివీ. ముంబైలో పార్శీల నివాసాలను 'బాగ్'లంటారు. కొలాబాలోని ఖుస్రో బాగ్ లాంటి వాటికి చుట్టూ ప్రహరీ, గేటు, గేటు దగ్గర కాపలా ఉంటాయి. దాదర్ పార్శీ కాలనీకి గోడా లేదు, గేటూ లేదు. మీ వీధిలోంచి పక్క వీధిలోకి వెళ్లినట్టే అందులోకి వెళ్లిపోతారు. ఎక్కడ మొదలైందో బోర్డు చూసి కాదు, ఉన్నట్టుండి హారన్లు తగ్గడాన్ని బట్టి తెలుస్తుంది.

మీరిద్దరూ పాఠాలు చెప్పినవారు కనుక దీని వెనక కథ కొంచెం చెబుతాను. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. రేవుకు దగ్గరగా ఉన్న ఇరుకు పేటల్లో, గాలీ వెలుతురూ చొరని గదుల్లో జనం రాలిపోయారు, బతికినవారు ఊరు విడిచి పారిపోయారు. అప్పటి ప్రభుత్వం 1898లో నగరాభివృద్ధి ట్రస్టును పెట్టింది. ఒకవైపు పాతబస్తీని చీల్చి సముద్రపు గాలి లోపలికి వచ్చేలా వెడల్పాటి రోడ్లు వేశారు. మరోవైపు అప్పటికి ఊరికి ఉత్తరాన పొలాలూ పల్లపు నేలలూగా ఉన్న దాదర్, మాటుంగా, వడాలా, సయాన్‌లలో కొత్త పేటలకు గీతలు గీశారు. ముందు రోడ్లు, తోటలు, ఆ తర్వాతే ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ ఉండాలన్నారు. ఇప్పుడు మీరు ముచ్చటపడే ఈ నీడ అంతా ఒకనాటి మహమ్మారి భయంలోంచి పుట్టింది. ఆ ట్రస్టులోనే ఇంజినీరుగా ఉన్న మంచర్‌జీ జోషీ, మధ్యతరగతి పార్శీలకు అద్దె భరించగలిగే ఇళ్లు కావాలని ప్రభుత్వాన్ని ఒప్పించి 103 స్థలాలు వారికోసం కేటాయింపజేశారు. కాలనీ మధ్యలోని అయిదు తోటలకు, అందరూ ఫైవ్ గార్డెన్స్ అనేవాటికి, ఆయన పేరే పెట్టారు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద పార్శీలు 57,264 మంది. ప్రపంచంలో ఇంకెక్కడా ఇంతమంది జొరాస్ట్రియన్లు, అంటే పార్శీల మతంవారు, ఒకేచోట లేరని ఈ కాలనీకి పేరు. మీరు పొద్దున ఆరున్నరకు వెళితే కాలనీలోని ముసలివారిలో సగంమంది తోటల చుట్టూ నడుస్తూ కనిపిస్తారు. ఆ మాటకొస్తే పక్కనున్న వీజేటీఐ ఇంజినీరింగు కళాశాల కుర్రాళ్లు, మాటుంగా తమిళులు, గుజరాతీలు, నాలాంటి వారూ అక్కడే తిరుగుతుంటాం. మాస్టారి మోకాళ్లకు ఒక హెచ్చరిక. నిద్రగన్నేరు, రావి చెట్ల వేళ్లు కొన్నిచోట్ల కాలిబాట పలకలను జానెడు ఎత్తు లేపేశాయి. పొద్దున్నే బండ్లు తక్కువ, పెద్దవారు చాలామంది కాలిబాట వదిలి రోడ్డు అంచునే నడుస్తారు. ఆయన్నూ అలాగే నడవమనండి. బల్లలకు కొదవలేదు.

టీచరుగారూ, మీకోసం ఒకటి. పొద్దున్నే వెళితే ఇళ్ల గడపలు చూడండి. పార్శీ ఇల్లాళ్లు కూడా ముగ్గు పెడతారు. చేత్తో కాదు, అడుగున చిల్లులతో చేప బొమ్మో పువ్వు బొమ్మో ఉన్న రేకు డబ్బాలో సున్నపు పొడి పోసి, గడపకు రెండు వైపులా అద్దుతారు. డబ్బాను నేలకు ఆనించి వేలితో టకటకమని రెండు దెబ్బలు వేస్తే అచ్చు పడుతుంది. గుమ్మానికి పూల తోరణం కడతారు. మన వైపు ముగ్గు గొట్టాలతో పెరిగినవారికి అది చూస్తే కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఆగండి, కాని ఫోను తీయకండి. దాని సంగతి కింద ఇంకొక ఉత్తరంలో రాశాను.

ఇక బస. కాలనీలో ఇళ్లు పార్శీలకే అని పత్రాల్లో ఉన్నవి ఎక్కువ, అక్కడ అతిథి గది దొరకబుచ్చుకోవాలని పట్టుబట్టకండి. అంబేడ్కర్ రోడ్డు దాటితే అటు హిందూ కాలనీ, ఉత్తరంగా మాటుంగా. రెండూ ఆ ట్రస్టు గీసిన పేటలే, చెట్లూ అంతే పాతవి. దాదర్ స్టేషను తూర్పు వైపున, మాటుంగాలో చిన్న హోటళ్లు, లాడ్జీలు ఉన్నాయి. గది చూసేటప్పుడు మూడు విషయాలు అడగండి. ఒకటి, లిఫ్టు. ఇక్కడి పాత భవనాలు రెండు మూడు అంతస్తులవి, చాలావాటికి లిఫ్టు లేదు, చెక్క మెట్లు అందంగానే ఉంటాయి కాని మాస్టారికి పనికిరావు. రెండు, కిటికీ ఎటు తెరుచుకుంటుంది. అంబేడ్కర్ రోడ్డు వైపు అయితే ఫ్లైఓవరు మీది లారీలు రాత్రంతా మీ మంచం పక్కనే వెళ్తాయి. లోపలి వీధి వైపు గది అడగండి, వంద రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. మూడు, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ. ఫ్లాటులో గది అద్దెకిస్తామని ఆన్‌లైనులో కనిపించేవాటికి ఆ భవనం సొసైటీ అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే వాచ్‌మన్ మీ సూట్‌కేసు దగ్గరే ఆపుతాడు.

భోజనానికి ఇబ్బందే లేదు. దక్షిణాది కడుపు నింపడానికే పుట్టిన పేట మాటుంగా. మాటుంగా స్టేషను ఎదుట మేడ మీద 1942 నుంచి నడుస్తున్న రామా నాయక్ ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగు ఉంది. అరిటాకు భోజనం చేయండి. వడ్డించేవారు అడగకుండానే మళ్లీ వస్తారు, ఆకులో వదిలేస్తే మొహమాటం లేకుండా ముఖం చిట్లిస్తారు. కాని అది ఉడిపి వంట టీచరుగారూ. సాంబారులో బెల్లం తగులుతుంది, పప్పు పల్చగా ఉంటుంది, గోంగూర మాటే లేదు. మీ ఆవకాయ సీసా వెంట ఉంచుకోండి, నేనూ అదే చేస్తాను. కింగ్స్ సర్కిల్ దగ్గర 1940లో పెట్టిన కేఫ్ మద్రాస్‌కు ఆదివారం పొద్దున వెళ్లకండి. పేరు రాయించి రోడ్డు మీద నిలబడాలి. మంగళవారం ఏడింటికి వెళితే రాగి దోసె నిమిషాల్లో వస్తుంది. సోమవారం కొన్ని పాత హోటళ్లకు సెలవు, ఆ రోజు ముందే చూసుకోండి. అక్కడికి దగ్గర్లోనే కూలర్ అనే పాత ఇరానీ హోటలు ఉంది. హైదరాబాద్ ఇరానీ టీ రుచి నోట్లో పెట్టుకుని వెళ్లి పోల్చకండి. ఇది వేరే చాయ్. వెన్న రాసిన బ్రున్ బ్రెడ్డు టీలో ముంచుకుని తినడానికి మాత్రం వెళ్లండి. పైపెచ్చు గట్టిగా ఉంటుంది, మాస్టారి పళ్ల సంగతి చూసుకోండి.

బాంద్రా మాట. అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు లేదు. సముద్రం అక్కడ పక్కనే ఉంటుంది, ఇక్కడ ఉండదు. ఇక్కడినుంచి సముద్రానికి శివాజీ పార్కు వైపు టాక్సీ కట్టించుకుని వెళ్లాలి. బాంద్రా పాత క్రైస్తవ పల్లెల సందులు చూడముచ్చటగా ఉంటాయి. కాని అక్కడ మీకు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అరిటాకు, సాయంత్రం గుడి, రాత్రి పడుకునే గది, అన్నీ నడకదూరంలో దొరకవు. పదిరోజుల బసలో రోజూ తినేదీ రోజూ నడిచేదీ ముఖ్యం. చూడదగినవాటికి ఎక్కడినుంచైనా వెళ్లవచ్చు. రెండు రోజులు అమ్మాయితో బాంద్రా తిరగండి, పడక మాటుంగాలో పెట్టుకోండి.

మీ ఊరి మీదుగా వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దాదర్‌లో ఆగుతుంది, కాని ఇంకా చీకటి ఉండగానే. ఆ వేళకు గది ఇస్తారో లేదో ముందే మాట్లాడుకోండి. దిగాక తూర్పు వైపు బయటికి రండి. పడమర వైపు దిగితే పూల మార్కెట్టు జనంలో పడతారు. ఎప్పుడో దాదర్ చూసినవారు చెప్పే ప్లాట్‌ఫారం నంబర్లు నమ్మకండి. 2023 డిసెంబరులో మార్చేశారు, ఇప్పుడు పశ్చిమ రైల్వేవి 1 నుంచి 7, మధ్య రైల్వేవి 8 నుంచి 14. స్టేషను బయట ఆటో కోసం వెతకకండి. బాంద్రా, సయాన్‌లకు దక్షిణాన ఆటోలకు అనుమతి లేదు, నలుపు పసుపు టాక్సీలే. కనీస చార్జీ 2025 ఫిబ్రవరి నుంచి 31 రూపాయలు. దగ్గరకే అయినా మీటరు వేస్తారు, వేయకపోతే దిగిపోండి, వెనక ఇంకొకటి ఉంటుంది.

*

*మా తమ్ముడికి టాటా ఆసుపత్రిలో చికిత్స మొదలుపెడుతున్నారు. నెలకు పైగా ఉండాలంటున్నారు. మీరు రాసిన పేట ఆసుపత్రికి దగ్గరేనా? మా స్తోమత మామూలుది.*
ఒక పాఠకుడు, నిజామాబాద్

నాయనా, దగ్గరే. టాటా మెమోరియల్ ఉన్నది పరేల్‌లో. మాటుంగానుంచి ట్రాఫిక్ లేకపోతే టాక్సీలో పావుగంట, ఇరవై నిమిషాలు. దాదర్ తూర్పునుంచి ఇంకా తక్కువ. కాని గది వెతుక్కోవడంతో మొదలుపెట్టకండి. తమ్ముడి ఫైలు తయారవగానే ఆసుపత్రిలోని వైద్య సామాజిక సేవా విభాగానికి వెళ్లండి. ధర్మశాలల జాబితా, సిఫారసు చీటీ, సాయం చేసే ట్రస్టుల వివరాలు అక్కడ ఉంటాయి. దాదర్‌లో సంత్ గాడ్గే మహరాజ్ ధర్మశాల దశాబ్దాలుగా ఈ రోగులకూ వారి వెంట వచ్చేవారికీ తక్కువ డబ్బుకు చోటు, భోజనం ఇస్తోంది. ఆసుపత్రి కాగితం లేనిదే అక్కడ మాట సాగదు. ఎప్పుడూ నిండుగా ఉంటుంది కనుక మొదటి వారం రోజులకు వేరే ఏర్పాటు చేసుకుని, రెండో రోజునుంచే పేరు రాయించుకుని ఉండండి.

స్టేషను దగ్గర, ఆసుపత్రి గేటు దగ్గర తెలుగులో పలకరించి 'గది చూపిస్తాను, డాక్టరు దగ్గరికి తొందరగా పంపిస్తాను' అనేవారు తగులుతారు. భాష కలిసిందని డబ్బు ఇవ్వకండి.

క్యాన్సర్ రోగికి చికిత్స ప్రయాణాలకు రైల్వే రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి పూర్తిగా, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి, మొదటిసారి వెళ్లినప్పుడే అడిగి తీసుకోండి, తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది.

వంట చేసుకోగలిగే గది దొరికితే మేలు. చికిత్స మొదలయ్యాక హోటలు తిండి వాసనే పడదంటారు చాలామంది. మాటుంగా మార్కెట్టులో సోనామసూరి, చింతపండు, మునక్కాయ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. మీరు అడగలేదు కాని ఉత్తరాంధ్ర పాఠకుల కోసం ఒక మాట. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఈ టాటా మెమోరియల్ సంస్థదే. ముంబై రైలు ఎక్కేముందు అక్కడ అడిగి చూడండి.

సాయంత్రాలు ఎవరో ఒకరు తమ్ముడి దగ్గర ఉంటే, మీరు ఒక గంట ఫైవ్ గార్డెన్స్‌కు వచ్చి కూర్చోండి. రోగి పక్కన ఉండేవారికి కూడా గాలి కావాలి.

*

*మీ వ్యాసం చదివి మా మిత్రబృందం కెమెరాలతో పార్శీ కాలనీకి వెళ్లింది. ఒక భవనం ముందు ఫొటోలు తీస్తుంటే పైనుంచి ఒక పెద్దావిడ గుజరాతీలో తిట్టిపోసింది. రోడ్డు అందరిదీ అని మీరే అంటారు, మళ్లీ ఇదేమి మర్యాద?*
ఒక పాఠకుడు, హైదరాబాద్

రోడ్డు అందరిదీ, ఆవిడ బాల్కనీ ఆవిడది. తిట్టింది ఏమిటో మీకు అర్థం కాలేదంటే అదృష్టవంతులు. పార్శీ పెద్దవారి తిట్లకు ఈ ఊళ్లో ఒక ప్రతిష్ఠ ఉంది.

మీ ఇంటి ముందు రోజూ పదిమంది నిలబడి, మీరు లుంగీతో పత్రిక చదువుకుంటుంటే 'అబ్బ, ఎంత పాతకాలపు అందం' అని ఫొటో తీస్తే మీరేమంటారు? అక్కడ ప్రీవెడ్డింగ్ షూటింగులు, రీళ్లు తీసేవారు పొద్దున్నే దిగుతారు. గేటు మెట్ల మీద కూర్చుని జుట్టు సర్దుకుంటారు. ఇది మ్యూజియం కాదు, పప్పు ఉడికే ఇళ్లు. చెట్లను తీయండి, వీధి మలుపు తీయండి, వంపు తిరిగిన బాల్కనీలు తీయాలంటే రోడ్డు అవతలినుంచి మొత్తం భవనంగా తీయండి. గడపలు, కిటికీలు, మనుషులు వద్దు. కావాలంటే అడగండి. అడిగితే ఆ పెద్దావిడే మిమ్మల్ని కూర్చోబెట్టి, భవనం ఏ సంవత్సరం కట్టారో, పక్కింటివారితో తగువు ఎందుకొచ్చిందో కూడా చెప్పి ఉండేది.

మీ ఉత్తరం చివర్లో 'అగ్యారీ లోపలికి కూడా రానివ్వలేదు' అని రాశారు. రానివ్వరు. పార్శీల అగ్ని దేవాలయంలోకి ఇతరులకు ప్రవేశం లేదు, ఇక్కడే కాదు, మీ సికింద్రాబాద్ ఎంజీ రోడ్డులో ఉన్నదాంట్లోనూ లేదు. మీరు పెరిగిన ఊళ్లో ఉన్న నియమం ముంబై వచ్చాక కొత్తగా తోచిందంటే ఆశ్చర్యమే.

వెళ్లినవారు అంబేడ్కర్ రోడ్డు దాటి హిందూ కాలనీలోని రాజగృహ చూశారా? చూసి ఉండరు, ఉంటే రాసేవారు. అంబేడ్కర్ 1930లలో కట్టించుకున్న ఇల్లు. పడకగదికంటే పుస్తకాల గది గురించే ఆయన ఎక్కువ ఆలోచించి కట్టించారని చూస్తేనే తెలుస్తుంది. యాభైవేలకు పైగా పుస్తకాలు ఒక ఇంట్లో ఉండేవి. ఇప్పుడు కింది అంతస్తులో ఆయన వాడిన వస్తువులు చూడవచ్చు. అక్కడ నిలబడి ఫొటో కంటే కాసేపు మౌనం మేలు. డిసెంబరు 6కు ముందూ వెనకా మాత్రం దాదర్‌లో బస దొరకడం కష్టం. ఆయన వర్ధంతికి శివాజీ పార్కు పక్కనున్న చైత్యభూమికి లక్షలమంది వస్తారు, మన రెండు రాష్ట్రాలనుంచీ రైళ్లు నిండి వస్తాయి. అందుకే వచ్చేవారు సరే, విహారానికి వచ్చేవారు ఆ వారం వదిలేయండి.

*

*మా అబ్బాయికి మాటుంగాలో ఇంజినీరింగు సీటు వచ్చింది. హాస్టలు దొరకలేదు. పీజీలో పెట్టాలా, నలుగురు కలిసి ఫ్లాటు తీసుకోవాలా?*
ఒక తండ్రి, గుంటూరు

మొదటి సంవత్సరం పీజీ. ఫ్లాటు తీసుకుంటే చదువుకంటే గ్యాసు బండ, పనిమనిషి, నీళ్ల వేళలు ఎక్కువ నేర్చుకుంటాడు. మాటుంగాలో, హిందూ కాలనీలో పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయిన ఇళ్లలో ఒక గది పీజీగా ఇచ్చే పెద్దవారు ఉన్నారు. ప్రకటనల్లో దొరకరు. కళాశాల చుట్టుపక్కల జిరాక్సు దుకాణాల్లో, మెస్సుల్లో అడగండి. ఇంటివారి షరతులు ముందే వినండి, రాత్రి పదింటికి తలుపు వేస్తారు, మాంసం వండనివ్వరు, స్నేహితుల్ని రానివ్వరు. మీ అబ్బాయి వీటికి ఒప్పుకుంటాడో లేదో మీరు కాదు, వాడే చెప్పాలి.

రెండో సంవత్సరం ఫ్లాటుకు మారితే, ఇక్కడ అద్దె ఒప్పందాన్ని 'లీవ్ అండ్ లైసెన్స్' అంటారు, మామూలుగా 11 నెలలకు రాస్తారు. మహారాష్ట్రలో దాన్ని రిజిస్టరు చేయించడం తప్పనిసరి. చేయించకపోతే రేపు తగువు వస్తే అద్దెకున్నవారు చెప్పేదే చెల్లుతుంది, కనుక ఇంటాయనకు కూడా అది లాభమే, ఆ మాట ఆయనతో అనండి. బ్రోకరు ఒక నెల అద్దె తీసుకుంటాడు. పోలీసులకు అద్దెదారు వివరాలు ఇవ్వాలి. 'పగడీ ఇల్లు, చవకగా ఇస్తాను' అంటే దండం పెట్టి వచ్చేయండి. పగడీ అంటే తాతల కాలంలో ఒకసారి పెద్ద మొత్తం కట్టి, తర్వాత నామమాత్రపు అద్దెతో తరతరాలుగా ఉండే పద్ధతి. అందులో ఉంటున్న మనిషికి ఇంకొకరికి అద్దెకిచ్చే హక్కు ఉందా లేదా అన్నది మీరు తేల్చలేరు.

తెలుగు మాట వినాలనిపిస్తే దాదర్ తూర్పున ఆంధ్ర మహాసభ ఉంది, ఉగాదికి పంపండి. ఈ నగరంలో మనవాళ్లు కొత్త కాదు. ఇళ్లు కట్టిన కామాఠీలు, మిల్లుల్లో మగ్గాలు నడిపిన తెలంగాణ పద్మశాలీలు మన తాతలకంటే ముందే వచ్చారు.

*

*వానాకాలంలో రావచ్చా? చెట్లు పచ్చగా ఉంటాయి కదా.*
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

చెట్లు పచ్చగానే ఉంటాయి, కొమ్మలే నెత్తిన పడతాయి. జూన్‌కు ముందు మునిసిపాలిటీవారు కొమ్మలు కొట్టిస్తారు, అయినా గాలివానకు పాత చెట్టు ఎక్కడో ఒకచోట కూలుతుంది. చెట్టు కింద కారు పెట్టడం, చెట్టు కింద వాన ఆగేదాకా నిలబడటం రెండూ వద్దు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఈ పేటకు అటూ ఇటూ రెండు పల్లాలు ఉన్నాయి. దక్షిణాన హిందమాతా, ఉత్తరాన కింగ్స్ సర్కిల్ గాంధీ మార్కెట్టు. గట్టి వాన, సముద్రపు పోటు ఒకే వేళకు వస్తే నీరు బయటికి పోదు, రెండు చోట్లా మోకాలి లోతు నిలుస్తుంది. మధ్యలో ఫైవ్ గార్డెన్స్ దగ్గర మామూలుగానే ఉంటుంది కాని మీరు ఎటూ కదలలేరు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి మా భవనంలో ఎవరి ఇంట్లో ఎవరు పడుకున్నారో తెలియదు, కింది అంతస్తువారంతా పైకి వచ్చేశారు. అంతటిది ఏటా రాదు, కాని పోటు వేళలు ముందే పత్రికల్లో వేస్తారు, వాటిని చూసుకుని బయటికి వెళ్లే అలవాటు ఇక్కడ అందరికీ ఉంది. మీరు సముద్రపు ఊరివారు కనుక మీకు చెప్పనక్కర్లేదు.

సెప్టెంబరు చివరికి రండి, వాన వెనక్కి తగ్గుతుంది, పచ్చదనం అలాగే ఉంటుంది. వినాయక చవితి రోజులు మాత్రం లెక్క చూసుకోండి. కింగ్స్ సర్కిల్ దగ్గర గౌడ సారస్వత బ్రాహ్మణులు 1955నుంచి నిలబెడుతున్న వినాయకుడు బంగారు వెండి ఆభరణాలతో ఉంటాడు, అయిదు రోజుల పూజ. చూడదలచుకుంటే తెల్లవారుజామున వెళ్లండి. వద్దనుకుంటే ఆ అయిదు రోజులు ఆ రోడ్డు వైపు టాక్సీ కూడా ఎక్కకండి.

*

*మీ దాదర్ బస్సుల మీద 'దాదర్ టీటీ' అని ఉంటుంది. టీటీ అంటే టికెట్ కలెక్టరా?*
ఒక పాఠకుడు, నెల్లూరు

కాదు బాబూ, ట్రామ్ టెర్మినస్. బొంబాయి ట్రాముల చివరి మజిలీ అది. 1964 మార్చి 31న చివరి ట్రాము బోరీ బందర్ (ఇప్పటి సీఎస్‌ఎంటీ స్టేషను ప్రాంతం) నుంచి బయల్దేరి ఇక్కడికే వచ్చి ఆగింది, మళ్లీ కదల్లేదు. పట్టాలు పోయాయి, పేరు మిగిలింది. ఆ కూడలికి కాగితాల మీద ఖోదాదాద్ సర్కిల్ అని పేరుంది, టాక్సీవాడికి మాత్రం టీటీ అనే చెప్పండి.

వచ్చే సంచికకు పుదుచ్చేరి బస గురించి ప్రశ్నలు పంపండి. యానాంనుంచి ఆఫీసు పనుల మీద తరచూ వెళ్లేవారు రాస్తే ఇంకా మంచిది, వారికి తెలిసినంత నాకు తెలియదు. ఉత్తరంలో ఎంతమంది వస్తున్నారు, వయసులు, ఏ నెల, రోజుకు గదికి ఎంత పెట్టగలరు అన్నది తప్పకుండా రాయండి. 'మంచి గది చెప్పండి' అని ఒక్క ముక్క రాస్తే నేనేం చెప్పను?